ఆడోళ్ళ బండ దాటి

మొన్న బెంగళూరులో మా చెల్లెలి కూతురింట్లో నిమ్మగడ్డి వేసి కాచిన టీ ఇచ్చారు. కప్పు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నానో లేదో, నేనిక ఆ సోఫా మీద లేను. బాగేపల్లికి పడమర, బసవన్నగుట్ట వాలులో, నడుములోతు బోదకసువును తొక్కుకుంటూ పోతున్నాను. గుడిసెలకు కప్పే ఆ కసువును కాలితో తొక్కితే చాలు, అచ్చం ఇదే వాసన లంగా అంచుకు పట్టుకుని ఉతికినా రెండు రోజులు వదిలేది కాదు. ఎన్ని అబద్ధాలు కూర్చుకుని వచ్చినా మా అమ్మకు నన్ను పట్టిచ్చింది ఆ వాసనే. "మళ్ళీ గుట్టకు పోయినావు గదా?" అని వంటింట్లోంచే అడిగేది.

గుట్టంటే అదేమంత పెద్దది కాదు. నందికొండ చూసినవాళ్ళు దాన్ని చూస్తే నవ్వుతారు, నవ్వనీ. అరగంట నడక, మేకలు వేసిన దోవ, పైన గొడుగంత నీడ కూడా లేని నున్నటి బండ, బండ మీద ముక్కు అరిగిపోయిన రాతి బసవన్న, ఆయన ముందర రాతిలో తనంతట తానే ఏర్పడిన ఒక దోన, అంటే వాననీళ్ళు నిలిచే గుంట. అంతే. బజారువీధిలో మాది చింతపండు, బెల్లం అమ్మే అంగడి. మా వీధి శెట్ల ఇండ్లన్నిటికీ పెరటి తలుపు తీస్తే ఆ గుట్టే కనబడేది. డెబ్బైల మొదట్లో, నాకు ఏడెనిమిదేండ్లప్పటి నుంచి, బడి లేని పొద్దు నేను ఇంట్లో కనబడకపోతే ఎవరూ వెతికేవాళ్ళు కారు, ఒకసారి తల తిప్పి గుట్టవైపు చూసేవాళ్ళు.

తొలకరి పడితే దోవ పొడుగునా ఎర్రటి ఆరుద్రపురుగులు బయటికొచ్చేవి. వాటిని అగ్గిపెట్టెలో వేసుకుని, పైకెక్కి, దోనలో కొత్తనీళ్ళలో తోకకప్పలు తిరుగుతుంటే కడుపు బండకానించి పడుకుని గంటలు గంటలు చూసేవాళ్ళం, నేనూ నా జతగత్తెలు ఇద్దరూ. దసరా సెలవులకు సీతాఫలాలు కళ్ళు విచ్చుకునేవి, కోసిన కాయలను పొదల్లో కసువు కింద దాచి మాగపెట్టి, మూడోనాడు పోతే సగం కోతులు తినేసి ఉండేవి, మిగిలిన సగానికి మాలో మాకు జుట్లు పట్టుకునేంత తగువు. ధనుర్మాసంలో పైన నిలబడితే కింద ఊరే ఉండేది కాదు, మంచులోంచి రైస్‌మిల్లు గొట్టం ఒక్కటి పొడుచుకుని వచ్చేది. దిగి ఇంటికొస్తే అరుగుల నిండా చిక్కుడులాంటి అనపకాయలు. మంచు పడితే ఆ తొక్కలకు పట్టే జిడ్డువాసనను మావాళ్ళు సొగడంటారు, ఆ సొగడు వేళ్ళకంటుకుంటుండగా ఇంటిల్లిపాదీ కూర్చుని గింజలు ఒలిచి, నానబెట్టి పితికేవాళ్ళం, ఆ పితికిపప్పు కూరతో వేడి సంగటి తింటే గుట్టెక్కిన కాళ్ళ నొప్పి యాడికి పోయేదో. ఎండాకాలం తెల్లారకముందే ఎక్కాలి, లేకపోతే బండ మీద కాలు మోపలేం. పరికిపండ్లు నమిలి నాలుక నల్లచేసుకుని, తంగేడుకొమ్మ మీద కూర్చుని జారుడుబండ మీద జర్రున జారి, లంగా వెనక చించుకుని, ఊరిబిండి పచ్చడి పూసిన రొట్టె తిని, పైనుంచి చిత్రావతి ఇసుకను చూస్తూ కూర్చుంటే నేను ఎవరికీ లెక్కచెప్పనక్కరలేదు అనిపించేది.

కానీ గుట్టకు సగం దోవలో ఒక బండ ఉండేది. పక్కకు ఒరిగిన పెద్ద పరుపులాంటి బండ. దాని పేరు ఆడోళ్ళ బండ. పెద్దమనిషి అయిన ఏ ఆడదీ దాన్ని దాటకూడదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే, "ముందు నుంచి ఉండాది" అనేవాళ్ళు. మా నాయన తల్లి, మా అవ్వ, చింతామణి నుంచి కోడలుగా వచ్చి యాభై యేండ్లు దాటినా, గుట్టకు ఎన్నిసార్లు వచ్చినా, ఆ బండ మీదే కాళ్ళు చాపుకుని కూర్చునేది. నేను పైనుంచి పరుగెత్తుకుంటూ దిగితే ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "పైన ఏముండాది, పాపా?" నేను చెప్పేదాన్ని. ఆమె వక్కాకు నములుతూ వినేది, ఇంకా ఏదో ఉంటుంది, నేను చెప్పడం లేదు అన్నట్టు నా మొహం చూసేది.

నాకు పదమూడో యేట సమర్తయింది. పదకొండు రోజులు ఓ మూల కూర్చోబెట్టి నువ్వులుండలు, కొబ్బరిబెల్లం తినిపించి, వీధి వీధినంతా పిలిచి హారతులిచ్చారు. నేను ఉండలు తిన్నాను, హారతులు అందుకున్నాను. చివరి రోజు మా అమ్మ జడ వేస్తూ, "ఇంక గుట్ట గిట్ట మర్చిపోవాల" అంది. చేతిలో ఉన్న ఉండను పళ్ళెంలో పెట్టేశాను. చెట్టెక్కవద్దంటే సరే, గట్టిగా నవ్వవద్దంటే సరే, నా గుట్టను తీసుకుంటారా? ఊరుకునేది లేదని ఆ క్షణమే అనుకున్నాను.

ఆ యేడు వాన ఆలస్యమైంది. వాన రాకపోతే మా వీధిలో నీళ్ళమోత చేసేవాళ్ళు. ఇంటికొక బిందె. పొద్దున్నే ఎవరింటి బావిలో వాళ్ళు చేది, ఆడవాళ్ళు చంకనెత్తుకుని ఆడోళ్ళ బండదాకా మోసుకుపోతారు, అక్కణ్ణుంచి మగవాళ్ళు అందుకుని పైకి తీసుకుపోయి బసవన్న ముందరి దోనలో పోస్తారు. దీనికి కట్టుబాట్లు గట్టివి. దోనలో పోసేదాకా బిందె నేలకు తాకకూడదు. చుక్క తొణకకూడదు. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. బిందె ఇచ్చేవాళ్ళు తమంతట తామే "తీసుకోండి" అనాలి, అందుకునేవాళ్ళు "ఇవ్వు" అని అడగరాదు. వానను అడిగేది బసవన్న ఒక్కడినే, దోవలో ఇంకెవరినీ ఏదీ అడగకూడదని మావాళ్ళ నమ్మకం. వీటిలో ఏది తప్పినా ఆ యేటికి వాన లేనట్టే.

ఆ రోజు మా ఇంటి బిందె నా చంకలో ఉంది. మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, అందుకోవడానికి బండ మీద చేతులు చాపి నిలబడ్డాడు. నేను తీసుకోండి అనలేదు. నిలబడ్డాను. వెనక వరస ఆగిపోయింది. చిన్నాయన చేతులు చాపే ఉన్నాయి. నోరు తెరుస్తాడు, మూస్తాడు. అడగడానికి లేదు. లాక్కోవడానికి లేదు, తొణికిందంటే తప్పు తన మీదికే వస్తుంది. చివరికి ఉండబట్టలేక, "ఏం పాపా, చెప్పల్సిన మాట చెప్పవేమి?" అన్నాడు.

బండ మీద కూర్చున్న అవ్వ వక్కాకు ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మార్చి, "రేయ్, అడగతాండావేమిరా? అడగకూడదు గదా!" అంది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చిన్నాయన పక్కనుంచి ఒక అడుగు పైకి వేశాను. బండకు కిందున్న మట్టికి, అక్కడి మట్టికి తేడా ఏమీ లేదు, అదే రాళ్ళూ, అదే కసువూ.

"నువ్వు పోతే వాన రాదు!" అని అరిచాడు చిన్నాయన.

"రాకపోతే నన్ను అనండి చిన్నాయనా," అన్నాను. బిందెను నడుముకు ఇంకాస్త గట్టిగా అదుముకున్నాను, నీళ్ళు తొణకలేదు.

వెనక వరసలోంచి మా పక్కింటి పెద్దాయన గొంతు వినబడింది. "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడినాడని ఊరికే అన్యారా?" దానికి అవ్వ అక్కడ కూర్చునే జవాబిచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకేలప్పా? బసవన్న ఏమన్నా అన్యాడా? పో పాపా, నువ్వు పో."

పోయాను. దోనలో పోశాను. మగవాళ్ళెవరూ నా మొహం చూడలేదు.

వాన రాలేదు. ఇది నేను దాచను. ఆ యేడు వేరుశనగ చేలోనే ఎండింది, బావులు అడుగంటాయి, వీధంతా నా పేరే. నేను నీళ్ళకు పోతే ఆడవాళ్ళు మాటలాపేసేవాళ్ళు. అంగడికొచ్చినవాళ్ళు మా నాయనను చాటుకు పిలిచి మాట్లాడేవాళ్ళు. ఒక సాయంత్రం ఆయన, మెత్తని మనిషి, నా పక్కన కూర్చుని, "ఆ బండ కాడ ఒక టెంకాయ కొట్టి తప్పయిందని చెప్పేయమ్మా, అయిపోతాది" అన్నాడు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పలేనన్నాను. "మా ముత్తాత కాలంలో వచ్చిన కరువులకు ఎవరు ఎక్కినారు నాయనా?" అని అడిగాను. ఆయన లేచి అంగట్లోకి పోయాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి యేడు మళ్ళీ వాన ఆలస్యమే, మళ్ళీ నీళ్ళమోత. ఈసారి మా ఇంటి బిందె నాకివ్వకూడదని ముందే తీర్మానించుకుని అవ్వకిచ్చారు, ముసలామెతో ఏ గొడవా ఉండదని. అవ్వ బండదాకా పోయింది. చిన్నాయన చేతులు చాపాడు. అవ్వ కొడుకు మొహం చూసింది, చాపిన చేతులు చూసింది, పక్కన దోవ చూసింది. తీసుకో అనలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కడం మొదలుపెట్టింది. పడిపోతుందేమోనని నేను వెనకాలే పోయాను, మా అమ్మ నా వెనకాల వచ్చింది, ఆమె వెనకాల ఇంకా ఎవరెవరు వచ్చారో నేను తిరిగి చూడలేదు.

పైకి చేరేసరికి అవ్వ ఎగశ్వాసతో ఉంది. నీళ్ళు దోనలో పోసి, బిందె దింపి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగువైపులా చూసింది. బోడిబండ, అరిగిన బసవన్న, ఎండిన చిత్రావతి, మా వీధి పెంకుటిండ్లు.

"ఇంతేనా?" అంది. నేను తలూపాను. "దీనికా యాభై యేండ్లు నన్ను ఆడ కూర్చోబెట్టినారు?" అంది. అంత కోపం ఆమె మొహంలో నేను ఎన్నడూ చూడలేదు. గొప్పదేదో ఉండి వద్దన్నారనుకుంటే మనసు సర్దుకునేదేమో. ఆ తర్వాత ఆ పైబండ మీదే కూర్చుని, ఎవరు పిలిచినా పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా దిగలేదు.

పదిరోజులకు వాన పడింది, చెరువులు నిండాయి. అందరూ బసవన్న దయ అన్నారు, మా అవ్వ పేరు ఎత్తినవాళ్ళు లేరు. వాన రాకపోతే నా తప్పు, వస్తే దేవుడి దయ. దీనికి నాకు ఇప్పటికీ కోపమే.

పోయిన నెల మళ్ళీ పోయాను. బోదకసువు లేదు, వాలంతా నీలగిరి చెట్లు. సీతాఫలాల పొదలు లేవు. దోనలో సిమెంటు పోసి దీపస్తంభం నిలబెట్టారు. బోరుబావులొచ్చాక నీళ్ళమోత ఎవరికీ గుర్తులేదు. అవ్వ లేదు, నాయన లేడు, చిన్నాయన కూడా లేడు. వీటన్నిటికీ నాకు దుఃఖమే, దోన చూసినప్పుడైతే కళ్ళ నీళ్ళు ఆగలేదు. కానీ కింద నుంచి పైదాకా మెట్లు కట్టడానికి ఆడోళ్ళ బండను తూటాలు పెట్టి పగలగొట్టారని తెలిసినప్పుడు మాత్రం, పాత జ్ఞాపకం పోయిందే అని పక్కవాళ్ళు నొచ్చుకుంటుంటే, నాకు నవ్వొచ్చింది. ఆ మెట్ల మీద హైస్కూలు ఆడపిల్లలు చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుతున్నారు, అక్కడొక బండ ఉండేదని వాళ్ళకు చెప్పాలని కూడా నాకు అనిపించలేదు.

సరిగ్గా ఆ సగం దోవలో, నా మోకాళ్ళ సంగతి తెలిసిన మా చిన్నాయన మనవడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అత్తా, నువ్వు ఈడ కూర్చో. మేము పైకి పోయొస్తాము."

"కూర్చునేదానికి ఈడ బండ యాడుండాదిరా?" అని, చెయ్యి విడిపించుకుని పై మెట్టు ఎక్కాను.