చర్చి గుమ్మంలో సొంతూరి గొడవ

నా చిన్నప్పుడు జర్మనీలో మేముండే హైడెల్‌బర్గ్ నుంచి బస్సులో కాసేపు వెళ్తే ఒక పల్లెటూరు వచ్చేది. ఇప్పటికీ ఉంది, దాని పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కర్ర దూలాలు బయటికి కనిపించే పాత ఇళ్ళు, ఒకప్పుడు ఊరంతా వంతులవారీగా రొట్టెలు కాల్చుకున్న రాతి పొయ్యి, చిన్న చర్చి. ఆదివారాలు ఒక పెద్దాయన ఊరు తిప్పి చరిత్ర చెప్పి, చివర్లో పిల్లల్ని చర్చి గోపురం మీదికెక్కించి గంట కొట్టనిస్తాడని తెలిసింది. ఆ గంట కోసం నేను ప్రాణం తోడేస్తే, మా చిన్నమ్మ తీసుకెళ్ళింది.

మేం ఆయనకి చూడగానే నచ్చలేదు. పొయ్యి మీద అందరు పిల్లలూ చేతులు వేస్తే నన్నొక్కదాన్నే కసిరాడు. మీరెక్కడివాళ్ళని చిన్నమ్మని అడిగాడు. హైడెల్‌బర్గ్ అంటే, అది కాదు, అసలెక్కడివాళ్ళు అన్నాడు. వరంగల్ అంది. "మేం తరతరాలుగా ఇక్కడివాళ్ళం. ఈ చరిత్ర మీకేం అర్థమవుతుంది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్దామని జర్మన్‌లో గొణుగుతూ చిన్నమ్మ చెయ్యి లాగాను.

"ఊకో బిడ్డా, గంట కొట్టకుంట ఎట్ల పోతం?" అంది.

మనవాళ్ళు కొత్తవాళ్ళతో మాట కలిపితే ముందు సొంతూరు అడుగుతారు, ఆ తర్వాత తాతలది ఏ ఊరని అడుగుతారు. చర్చి గుమ్మంలో చిన్నమ్మ అదే మర్యాదతో మొదలుపెట్టింది. మీ సొంతూరు? ఇదే అన్నాడు. మీ నాన్నగారిది? నసిగాడు. మీ తాతగారిది? ఆయన నోరు విప్పేలోపే గుంపులో ఉన్న ఆ ఊరి ముసలామె పకపకా నవ్వింది. "రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వీళ్ళ తాతవాళ్ళని తూర్పు నుంచి తరిమేస్తే చేతిబండి తోసుకుంటూ వచ్చారు. ఎవరూ ఇల్లివ్వకపోతే మా పశువుల కొట్టంలో పడుకున్నారు" అంది. ఆ నవ్వులో జాలన్నది లేదు.

ఆయన మొహం ఎర్రబడింది. "అది వేరు" అన్నాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే పైకి పంపి, నా వంతు రాగానే తలుపు మూసి తాళం వేశాడు.

బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను. చిన్నమ్మ నా మొహం తుడిచింది. తర్వాత, "ఏ ఊరని అడిగితె ఇంట్లకి పిలువాలె. పిలువనోడు అడగొద్దు" అంది. మరి నువ్వూ అడిగావుగా అన్నాను. "నేను కోపానికి అడిగిన" అంది.

ఇప్పుడు నేను మా బిల్డింగులో కొత్తగా కాపురానికి దిగిన ప్రతివాళ్ళనీ ఏ ఊరని అడుగుతాను. అడిగాక లోపలికి పిలిచి అన్నం పెడతాను. ఆయన్ని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.