అత్తమ్మ నోట మల్లిక పేరు

లారీ టైరు మా ఇంటి ముందే పేలింది. అలియాబాద్‌లో మా ఇల్లు కరీంనగర్ రోడ్డును ఆనుకునే ఉంటుంది. ఆ మోతకు వంటింట్లో గిన్నెలు అదిరాయి, బర్రె తాడు తెంపుకుంది, పక్కింటి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఉయ్యాలలో నా కూతురు మాత్రం కదలకుండా నిద్రపోతోంది. అప్పటికి దానికి ఏడాది నిండలేదు.

"మస్తు ధైర్యం పిల్లకు" అంది మా అత్తమ్మ మురిసిపోతూ. "అసలు ఇనవడ్తాందా దీనికి?" అన్నాను నేను.

మర్నాడు అత్తమ్మే పరీక్ష పెట్టింది. పాప వెనక కూర్చుని ఇత్తడి పళ్ళెం నేలకేసి కొట్టింది. పాప గిరుక్కున తిరిగింది. "సూసినవా, మంచిగ ఇనవడ్తాంది. పరేషాన్ గాకు. మాటలంటవా, మీ ఆయనకు గూడ ఆలస్యంగనే వచ్చినయ్" అంది. నేల అదిరింది కాబట్టి తిరిగిందని ఎవరికి తట్టింది? ఇంటిల్లిపాదీ హాయిగా అన్నం తిన్నాం.

నెలలు గడిచాయి. దాని ఈడు పిల్లలు తాత, అత్త అంటుంటే, ఇది నా కొంగు పట్టి లాగి వేలు చూపించేది. ఇక నేను ఎవరి మాటా వినకుండా అల్వాల్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పళ్ళెం కథ అంతా విన్నాడు. "పళ్ళేలు కాదమ్మా, బెరా టెస్ట్ చేయించండి, ఎంత వినబడుతోందో అందులో తేలుతుంది" అన్నాడు.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మందు పట్టి నిద్రపుచ్చి, తలకు వైర్లు అతికించి ఆ టెస్ట్ చేశారు. రిపోర్ట్ చూసిన ఈఎన్‌టీ డాక్టరు మెల్లగా చెప్పాడు. "రెండు చెవులకీ సివియర్ సెన్సరీన్యూరల్ లాస్. అంటే లోపలి చెవి, నరం దెబ్బతిని వినికిడి బాగా తగ్గింది. మందులతో తగ్గేది కాదు. హియరింగ్ ఎయిడ్ పెట్టాలి, థెరపీ చేయించాలి. ఆలస్యమయ్యేకొద్దీ మాటలు రావడం కష్టమవుతుంది."

బస్టాపులో పదిమందీ చూస్తుండగానే ఏడ్చాను. మా ఆయన పాపను భుజాన వేసుకుని, "ఏడ్సుడు బంద్ జెయ్యి. మెషిన్ పెడ్తే అన్నీ ఇంటది, అన్నీ మాట్లాడ్తది" అన్నాడు. కళ్ళజోడు పెట్టగానే అక్షరాలు కనబడినట్టే ఇదీ అనుకున్నాం.

అప్పట్లో ఆ మెషిన్ ఒక చిన్న డబ్బా. గౌను మీద సంచిలో పెట్టి, రెండు వైర్లు చెవుల దాకా తీసేవాళ్ళు. ఆన్ చేయగానే పాప కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చి వైర్లు పీకేసింది. చెవిలో దూర్చే ఇయర్ మోల్డ్ వదులై కీచుమని కూసేది. చెవిలో చీము పట్టి కొన్నాళ్ళు తీసేయాల్సి వచ్చింది. చివరికి అలవాటు పడింది. లారీ హారన్‌కు తిరిగేది, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడేది. మాటకు మాత్రం తిరగలేదు. మా మాటలన్నీ కలిపి దానికి ఒకటే రొద.

నేను మేడ్చల్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయేదాన్ని. పొద్దంతా పాప అత్తమ్మ దగ్గరే. అందుకే అల్వాల్‌లో స్పీచ్ థెరపీ మేడమ్ నన్నూ అత్తమ్మనూ రమ్మంది. కూర్చోగానే అడిగింది.

"ఇంట్లో పాపని ఏమని పిలుస్తారండీ?"

నేను 'బంగారు' అంటాను. మా ఆయన 'అవ్వా' అంటాడు. అత్తమ్మ 'ఓ పిల్లా' అంటుంది, ముద్దొస్తే 'మా అత్త' అంటుంది.

"మరి మల్లిక అని ఎవరు పిలుస్తారు?"

ఎవరూ పిలవరు. మల్లవ్వ మా అత్తమ్మకు అత్తగారు. ఆమె చనిపోయిన ఏడాదే పాప పుట్టిందని మా ఆయన ముచ్చటపడి ఆ పేరే మల్లికగా మార్చి పెట్టాడు. అత్త పేరు కోడలి నోట రాకూడదు కదా. మా అత్తమ్మ మల్లెపూలను కూడా 'తెల్లపూలు' అనే మనిషి. ఆమె ఎదుట నేనెలా అంటాను? తొట్టెలో వేసిన రోజు పాప చెవిలో చెప్పారు, అంతే. అదీ వినబడని చెవిలో.

మేడమ్ కోప్పడలేదు. "పసిపిల్లలు అర్థం తెలిసి మాట పట్టుకోరండీ. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వినబడితే గుర్తుపడతారు. అన్నిటికంటే ముందు సొంత పేరు గుర్తుపడతారు. ఆ పేరు పక్కన వచ్చే మాటలు తర్వాత దొరుకుతాయి. మీరు నాలుగు పేర్లు పెట్టి అసలుది దాచేశారు. మామూలు పిల్లలైతే ఎలాగో నెగ్గుకొస్తారు, ఈ పాపకు ఆ వెసులుబాటు లేదు. ఇవాళ్టి నుంచి అందరూ మల్లిక అనే పిలవండి. ముట్టుకోకుండా, వెనక నుంచి."

బస్సులో అత్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "గా పేరు నా నోట్ల ఎట్లొస్తది?" అంది.

"అయితే పేరే మారుద్దాం" అన్నాను.

"పెద్దమనిషి పేరు పెట్టి తీసేస్తరా? ఇంటికి మంచిది గాదు."

నాకు ఒళ్ళు మండింది. "పిలువవు, మార్వనియ్యవు. మరి పిల్ల సంగతేంది అత్తమ్మా? జిందగీ అంతా గిట్లనే వేలు సూపియ్యాల్నా?"

తెల్లారి అత్తమ్మ తలస్నానం చేసి, గోడ మీది మల్లవ్వ ఫోటోకు బొట్టు పెట్టి నిలబడింది. "అత్తా, నీ పేరు పిలుస్తున్న. కోపం జెయ్యకు. నీ పేరుగల్ల పిల్ల కోసమే" అంది. తర్వాత, మక్కకంకితో ఆడుకుంటున్న పాప వెనక్కి వచ్చి, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దొంగతనం చేస్తున్నట్టు అంది: "మల్లికా."

పాప తిరగలేదు. "జర గట్టిగ" అన్నాను. మళ్ళీ పిలిచింది. మేడమ్ చెప్పినట్టు నేను పాప చెవి చూపించి, అత్తమ్మ వైపు తిప్పాను. అలా రోజూ చేశాం. వారాలు పోయాయి. మా ఆయన డీలా పడ్డాడు, నేనూ పడ్డాను. అత్తమ్మ మాత్రం సిగ్గూ వదల్లేదు, పిలవడమూ ఆపలేదు. వాడకట్టు మొత్తానికి ఆ పేరు కంఠతా వచ్చేసింది.

ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పాప వాకిట్లో కోళ్ళకు గింజలు వేస్తోంది. గడప దగ్గర నుంచి అత్తమ్మ, కొంగు అడ్డం పెట్టుకునే పిలిచింది. గింజలు వేసే చెయ్యి ఆగింది. పాప తిరిగి అత్తమ్మను చూసింది.

"కోడిని జూసిందేమో" అంది అత్తమ్మ. పాప అటు తిరిగేదాకా ఆగి, మళ్ళీ "మల్లికా" అంది. మళ్ళీ తిరిగింది, నవ్వింది కూడా. అత్తమ్మ గడప మీద కూలబడి, "అత్తా, ఇన్నదే, నీ పేరు ఇన్నదే" అని ఏడుపు. నేను చేతిసంచి అక్కడే పడేసి ఇద్దరినీ కలిపి వాటేసుకున్నాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

ఆ తర్వాత 'మల్లికా, దా', 'మల్లికా, పాలు'. పేరు పట్టుకుని ఒక్కొక్క మాటా లోపలికొచ్చింది. పాలు అంటే గిన్నె వైపు చూసేది. కొన్నాళ్ళకు తనే 'పా' అంది. థెరపీలో పాపను పిలిచేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకున్న అత్తమ్మ కొంగు చూసి మేడమ్ ఆశ్చర్యపోయింది. "పెదాలు చూసి కాక చెవితోనే పట్టుకోవాలి, నోరు కప్పుకోండని అందరికీ చెప్పి అలిసిపోతాను. ఈవిడకు ఎవరు చెప్పారు?" అది సిగ్గని చెబితే పగలబడి నవ్వింది.

ఇప్పుడు మల్లిక శామీర్‌పేటలో పదో తరగతి. డబ్బా పోయి, చెవి వెనక పెట్టుకునే చిన్న మెషిన్లు వచ్చాయి. 'స' పలకడంలో కాస్త తేడా ఉంది, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. అత్తమ్మ బజారులో ధైర్యంగా "మల్లెపూలియ్యి" అంటోంది.

ఇంట్లో పసిపాప ఉంటే ఒక్క పని చేయండి. పళ్ళేలు కొట్టొద్దు. వెనక నిలబడి, ముట్టుకోకుండా, మీరు రోజూ పిలిచే పేరుతోనే పిలవండి. ఏడాది దగ్గరపడుతున్నా తిరగకపోతే ఎవరి ధైర్యం మాటలూ నమ్మకుండా టెస్ట్ చేయించండి. పేరు పెద్దలదైతే భయపడకండి, పెద్దలేమీ అనుకోరు. కావాలంటే మా అత్తమ్మను అడగండి. ఇది రాస్తుంటే వాకిట్లో నుంచి 'మల్లికా' అని పిలుస్తూనే ఉంది, గిన్నెలు తోమడానికి రమ్మని. మా మల్లిక ఇక్కడే, నా పక్కనే కూర్చుని, అంతా విని కూడా పలకడం లేదు.