పేగుకు మేలు చేసే బ్రెడ్డు

మా అక్కకు గోధుమ పడదని కర్నూలు డాక్టరు తేల్చి చెప్పాక, ఆమె జొన్నరొట్టె, కొర్రన్నంతోనే కోలుకుంది. ఆదోనిలో ఆమె అత్తగారిది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. సాయంత్రమైతే అందరూ టీలో బ్రెడ్డు ముంచుకుని తింటారు. అక్క మాత్రం ఉత్త టీ తాగుతూ వాళ్ల చేతుల వైపు చూసేది.

అది కనిపెట్టినవాడు ఆమె మరిది. ఎమ్మిగనూరులో బేకరీ పెట్టిన ఆ మనిషికి తెలియని శాస్త్రం లేదు. ఒక వీడియో చూస్తే చాలు, పండితుడైపోతాడు. ఒకరోజు బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"తిను వదినా. గోధుమలో జిగురుంటాది సూడు, గ్లూటెన్, దాన్ని మార్చినారు. పేగుకు ఏమీ కాదు."

"యాడ పరీక్ష చేసినారు బావా?" అని నేనడిగాను.

"పిండి అమ్మేవాళ్లే సెప్పినారప్పా. నీకన్నా వాళ్లకు తెల్దా?" అని నవ్వాడు.

అక్క నా మాట వినలేదు. ఎన్నాళ్లకో దొరికిన రుచి, రోజూ తింది. కొన్ని వారాలకే పొట్ట ఉబ్బరం, విరేచనాలు మొదలయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం. మరిదికి ఫోను చేస్తే, "మొదట్లో అట్లే ఉంటాది, పేగు అలవాటు పడతాండాది" అన్నాడు. ఇంతటి వైద్యుడు బేకరీలో మగ్గిపోవడం మా జిల్లా దురదృష్టం.

కర్నూలు ఆస్పత్రిలో నోట్లోంచి పేగుదాకా గొట్టం వేసి చూశారు. పేగు లోపలి పొర మీద సన్నటి నూగులాంటిది ఉంటుందట, తిన్నదాంట్లో సత్తువను పీల్చుకునేది అదే. అక్కకు అది మళ్లీ అరిగి చదునైపోయింది. "మార్చామన్నా అది గోధుమే. ఈమె ఒళ్లు దాన్ని తరమబోయి తన పేగునే దెబ్బతీసుకుంటుంది" అన్నాడు డాక్టరు.

కాస్త ఓపిక వచ్చాక అక్క నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. బేకరీ ముందు పెద్ద బోర్డు: పేగుకు మేలు చేసే బ్రెడ్డు. అక్క కౌంటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి ఒకామె వచ్చి, తన కూతురికి గోధుమ పడదని, ఆ బ్రెడ్డే కావాలని అడిగింది.

"వద్దమ్మా," అంది అక్క. "నేను తిని ఆస్పత్రి పాలైనా. ఈయప్ప నా మరిదే, అడుగు."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన బల్ల తుడవడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లాక, "బేరం సెడగొడతాండావు వదినా" అని గొణిగాడు.

"నీ బ్రెడ్డు నువ్వు అమ్ముకో. పేగుల మాట మాత్రం ఎత్తొద్దు."

సాయంత్రం దాకా అక్క కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఆయనే బోర్డు దింపించాడు.

అక్క పేగు నెమ్మదిగా మానుతోంది. ఆయన ఇప్పుడు గుండెకు మేలు చేసే బిస్కెట్లు అమ్ముతున్నాడని విన్నాను.