రాళ్ల ఆపరేషన్ అని చెప్పిన మల్లేశన్న

2023 వానాకాలం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో నేను నర్సును. గేటు పక్కనున్న మా చికిత్స గదిని అందరూ ఓహెచ్‌సీ అంటారు. వేలు తెగినా, కళ్లు మండినా ముందు అక్కడికే వస్తారు. ఏడాదికోసారి అందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించి వివరాలు రాసుకునేది కూడా నేనే.

బాయిలర్ సెక్షన్ మల్లేశన్నది హత్నూర వైపు ఊరు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎవరిచేతా మాట పడే రకం కాదు. ఆ ఏడు సెలవు పెట్టి ఏదో ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. పరీక్షల రోజున "దేనికన్నా ఆపరేషన్?" అని అడిగాను.

"కిడ్నీల రాళ్లు, సిస్టరమ్మా. గీ బోరు నీళ్లు తాగితే రాళ్లు గాక ఇంకేమైతయ్?"

మా వైపు ఆ మాట వినని రోజుండదు. సరేనని అదే రాశాను.

పోయిన ఏడాది నడుము నొప్పంటూ రావడం మొదలుపెట్టాడు. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకు అది మామూలే కదా అని మాత్రలిచ్చి పంపేదాన్ని. ఒకరోజు బల్ల మీద కూర్చోలేక గోడ పట్టుకున్నాడు. భయమేసి కంపెనీ డాక్టరుకు చూపించాను. ఆయన తలుపేసి నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. మల్లేశన్న చేయించుకున్నది ప్రోస్టేట్ ఆపరేషన్.

ప్రోస్టేట్ మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి. వయసుతో అది పెరిగి మూత్రానికి అడ్డుపడితే లోపలి భాగాన్ని గీకి తీస్తారు. దాన్నే టీయూఆర్‌పీ అంటారు. సీతాఫలంలో గుజ్జు తీసినట్టే, తొక్క మిగిలిపోతుంది. ఆపరేషన్ వల్ల క్యాన్సర్ రాదు గానీ, ఆ మిగిలిన భాగంలో తర్వాతెప్పుడైనా రావచ్చు. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆస్పత్రిలో ఆ మాట చెప్పే పంపారట. 'గడ్డ తీసేసిన్రు, ఇగ రోగమెట్లొస్తది' అనుకుని ఈయన వెళ్లలేదు. నాకు తెలిసి ఉంటే ఏటా మా రక్తపరీక్షలతో పాటే చేయించేదాన్ని.

అప్పుడు చేయిస్తే పీఎస్ఏ విపరీతంగా ఉంది. ఆ తర్వాతి పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే నడుము ఎముకలకు పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు.

నాకు కోపం ఆగలేదు. "ఏం మనిషివన్నా! లోకానికి దాచావు సరే, నా దగ్గర దాస్తావా? నేనేమన్నా పరాయిదాన్నా?" అని అరిచాను.

ఆయన తల ఎత్తలేదు. "ప్యాకింగ్‌ల పనిజేసే పెద్దాయన నాకంటె ముంగటనే గిదే ఆపరేషనైనంక పైపుతోని, ఉచ్చ సంచితోని నీ రూంకు వచ్చిండు, యాదికుందా? 'కాక నల్లా కనెక్షన్ పెట్టిచ్చుకున్నడు' అని పోరగాళ్లు ఒక్కటే నవ్వుడు. నేను గాడ్నే కూసున్న. నువ్వు గూడ నవ్వినవ్, సిస్టరమ్మా."

నవ్వాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను. ఛీ, నేనూ ఒక నర్సునేనా అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయింది, మాఫ్ చెయ్యన్నా."

"గిప్పుడు గదంత ఎందుకులే. సూది ఎప్పుడేసుకోవాల్నో గది జెప్పు."

ఆ ఇంజెక్షన్లు ఇంకా నడుస్తున్నాయి. అదుపులో పెడతామంటున్నారు డాక్టర్లు, నయమవుతుందని మాత్రం ఎవరూ అనడం లేదు. ఇప్పుడు పరీక్షల రోజున నేను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపేసి అడుగుతున్నాను. రోగి మీద ఎవరైనా జోకేస్తే అక్కడికక్కడే బయటికి పంపేస్తున్నాను. ఆ రోజు ఆ పోరగాళ్లను బయటికి పంపి ఉంటే మల్లేశన్న నాకు నిజం చెప్పేవాడు.