తీగ వదిలేసిన ఎలుక

మొన్న మా అమ్మాయి పనిచేసే పరిశోధనశాల చూడ్డానికి పోయాను. శనక్కాయల మూటల దగ్గర మా అమ్మ చీపురు తిరగేసి తరిమిన ఎలుకల జాతిని నా కూతురు మెత్తటి పరుపు వేసి, తూకం చూసి సాకుతోంది. మనుషుల్లో కండరాలు క్షీణించే జబ్బు ఒకటుంది. అదే లోపంతో పుట్టించిన ఎలుకలవి. కొత్త మందు ముందు వాటికే ఇచ్చి చూస్తారట. మేనమామను ఫొటోలో తప్ప చూడని పిల్ల, ఆయన జబ్బునే ఏరికోరి చదువుతోంది. పట్టు ఎంతుందో చూడ్డానికి ఒక ఎలుకను తీగల వల మీద పెట్టి, తోక పట్టుకొని మెల్లగా వెనక్కి లాగింది. అది కాసేపు తీగను బిగించి పట్టుకొని, వదిలేసింది. నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పార్టీల పేరుతో ఊరు రెండుగా చీలిన రోజులు. మా నాయన ఒక వర్గం మనిషి. ఎన్నికల ముందు వీధిలో నాటుబాంబు పేలితే పిల్లలందరూ ఇళ్లలోకి పరిగెత్తారు. తమ్ముడు మాత్రం కూలబడ్డాడు. అప్పటినుంచి తరచూ పడేవాడు, తొడల మీద చేతులూని లేచేవాడు. బాంబుకు బెదిరాడని ఊరంతా తీర్మానించింది. గండి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. వాడి పిక్కలేమో ఉబ్బి బలంగా కనిపించేవి. అదే వాడి కొంప ముంచింది.

"పిక్కలు సూడు, పయిల్వాను మాదిరి ఉండాయి. రోగం కాళ్లల్లో కాదురా, గుండెల్లో ఉండాది. నా కడుపున పిరికోడు పుట్నాడు" అనేవాడు నాయన, వాణ్ణి వాకిట్లో నడిపిస్తూ.

"బయం కాదు నాయనా, కాళ్లు మాటినడం ల్యా" అని వాడు ఏడ్చేవాడు.

చివరికి పొద్దుటూరు డాక్టరు ఆ పిక్కలు నొక్కి చూసి, ఇది పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బని, మందు లేదని చెప్పాడు. నాయన వాణ్ణి వీపున వేసుకొని బస్టాండుకు నడిచాడు. దారిలో వాడడిగాడు: "అయితే నేను పిరికోన్ని కాదు గదా నాయనా?"

నాయన వాణ్ణి వీపున ఇంకొంచెం పైకి సర్దుకొని నడిచాడు. ఆ తర్వాత కూడా, మీసాలైనా రాకుండా వాడు పోయేదాకా, ఎక్కడికైనా మోసుకెళ్లేవాడు గానీ ఆ మాటకు మాత్రం బదులివ్వలేదు. ఎంత ఏడ్చినా ఆ బాధ నాకు తీరలేదు.

"ఈ ఎలుక భయపడి వదిలేసిందా?" అని అమ్మాయిని అడిగాను.

"భయమేందమ్మా, పాపం, దానికి శక్తి లేదు" అంటూ ఎలుకను అరచేతిలోకి తీసుకుంది.

అంత చిన్న మాట. ఇన్నేళ్లకు వినబడింది. చెప్పాల్సిన నాయనా లేడు, వినాల్సినవాడూ లేడు.