బంతిపూల తడి

మా ల్యాబులో దసరాకు యంత్రాలకు పూజ చేస్తారు. చేసుకోనీ, నాకేం బాధ లేదు. కానీ ప్రోటీన్లను కొలిచే పెట్టె మూత ఎత్తి, నీళ్ళు కారుతున్న బంతిపూల దండ లోపల వేసింది మా గైడే. ఈ నాందేడ్ యూనివర్సిటీలో టెరాహెర్ట్జ్ తరంగాల మీద ఉపన్యాసాలిచ్చే మనిషి! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ తరంగాలను ప్రోటీన్ గుండా పంపి, ఎక్కడ ఎంత ఆగిపోయాయో చూస్తే ఆ అణువు ఎలా కదులుతుందో తెలుస్తుంది. నా థీసిస్ అంతా అదే. అయితే నీళ్ళు ఆ తరంగాలను మింగేస్తాయి. గాలిలో తేమ ఉన్నా చాలు, కొలత చెడిపోతుంది. అందుకే పెట్టెలోకి పొడి నైట్రోజన్ పంపుతూ, ఎవరూ మూత తెరవకుండా పొద్దంతా కాపలా కాసేదాన్ని.

పూజ కాగానే దండ తీసేసి, "ముహూర్తానికి ఒక్క రీడింగ్ తియ్యి బిడ్డా" అన్నాడు గైడ్. ఆయనా మా తెలుగువాడే.

"లోపల తడి ఉన్నది సార్. ముందుగాల నైట్రోజన్ పంపాలె."

"గప్పటిదాంక ముహూర్తం ఆగుతదా? తియ్యి."

తీశాను. తెర మీద ఎప్పుడూ నున్నగా సాగే గీతలో ఈసారి సూదుల్లాంటి గుంటలు. "గివి ఎవ్వలు చూడలే! పేపర్ రాయి" అని ఆయన సంబరపడిపోయాడు.

మర్నాడు ప్రోటీన్ బిళ్ళ తీసేసి, నైట్రోజన్ పంపకుండా, ఖాళీ పెట్టెను తడిగాలితోనే కొలిచాను. అవే గుంటలు, అవే చోట్ల. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, నీటి ఆవిరి గుంటలని చెప్పాను. ఆయనకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. కాగితం మడిచి సొరుగులో పడేసి, "పేపర్‌ల ముందు నీ పేరే ఏస్తున్న. ఇంకేం గావాలె?" అన్నాడు.

నా పేరే నాకు లంచం!

ఇంట్లో నాన్న కూడా, "సార్‌తోని కయ్యం పెట్టుకోకు బిడ్డా. డిగ్రీ చేతికి రానీ" అన్నాడు. ఆయన మీదా కోపం వచ్చింది. అన్నం తినకుండా లేచాను.

తర్వాతి సెమినార్‌లో ఆ గుంటలు పెద్ద తెర మీదికెక్కాయి, కింద నా పేరుతో సహా. గైడ్ వాటిని ప్రోటీన్‌వని చెబుతుంటే ఇక కూర్చోలేకపోయాను. "సర్, తే పాణీ ఆహే" అన్నాను, అందరికీ తెలియాలని మరాఠీలోనే. అది నీళ్ళు, నా పేరు తీసేయండి అన్నాను.

ఆ సాయంత్రం ఆయన ల్యాబు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. "ఇగ ఇంకో గైడ్‌ను ఎతుక్కో" అన్నాడు.

వెతుకుతూనే ఉన్నాను. ఒక్కొక్కరూ కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తారు. అంతా విని, నువ్వు చెప్పింది నిజమే అంటారు. తీసుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.