గీత దాటేదాకా

శశికళ ఆరిజోనా వచ్చింది పరిశోధన చేయాలని కాదు. అంతకుముందు వేరే రాష్ట్రంలో, క్యారీ అనే ఊళ్లో ఒక మందుల కంపెనీలో డేటా చూసుకునేది. భర్త శ్రీధర్‌కి ఫీనిక్స్‌లో ఉద్యోగం రావడంతో తనూ వచ్చి, ఇంట్లో తోచక యూనివర్సిటీ వాళ్ల అధ్యయనంలో చేరింది. ఎండలో పొలం పని చేసేవాళ్లకి బీపీ, షుగర్ లేకుండానే చిన్న వయసులో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడం ఆ అధ్యయనం ఉద్దేశం.

పొద్దున్నే కూలీలు ఒక బిళ్ల మింగుతారు. అందులోని బుల్లి థర్మామీటర్ కడుపులోంచి ఒంటి వేడిని చెబుతూ ఉంటుంది. పొలం గట్టున ఆపిన వ్యాన్‌లో ఏసీ వేసుకుని శశికళ దాన్ని తెరమీద చూస్తుంది. ఎవరి వేడి ఎర్ర గీత దాటినా వెంటనే పని ఆపించాలి. దాటకపోయినా, అనుమానం వస్తే ఆపించే అధికారం ఆమెకుంది.

ఎఫ్రాయిన్ ఖర్బూజ కోసే ముఠాలో అందరికంటే వేగంగా కోస్తాడు. నలభై నిండలేదు. జూలైలో ఒకరోజు అతని వేడి పైకి ఎక్కుతూనే ఉంది. శశికళ పొలంలో ఉన్న మేస్త్రీకి చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. అంతలో కళ్లు మళ్లీ తెరమీదికి పోయాయి. అంతవరకూ ఏ మనిషి వేడి లెక్కా పూర్తిగా రాలేదు. ఒకసారి సిగ్నల్ పోయేది, ఒకసారి మనిషే మధ్యలో ఇంటికి వెళ్లిపోయేవాడు. ఈసారి ఎక్కడా తెగకుండా, పుస్తకంలో బొమ్మలా వస్తోంది. ఇంకా గీత దాటలేదుగా, ఇంకాస్త చూద్దాం అనుకుంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

గీత దాటకముందే ఎఫ్రాయిన్ చాళ్ల మధ్య కుప్పకూలాడు.

ఆ తర్వాత ఆమె చేయాల్సిందంతా చేసింది. పరుగెత్తింది, నలుగురి సాయంతో అతన్ని ఐస్ నీళ్ల తొట్టిలో పడుకోబెట్టింది, అంబులెన్స్ పిలిచింది. ప్రాణం దక్కింది. కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. అది ఆపాక కూడా, ఇక ఎండలో పని చేయకూడదన్నారు డాక్టర్లు.

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని తేల్చారు. అధ్యయనం నడిపే డాక్టర్ జగన్మోహన్ ఆమెను గదిలోకి పిలిచి ఆ మాటే చెప్పాడు.

"రూల్ ప్రకారమే చేశావమ్మా. లైన్ క్రాస్ అవ్వలేదు కదా."

"అవుతుందని తెలుస్తూనే ఉంది సర్. డేటా బాగా వస్తోందని ఆగాను."

జగన్మోహన్ లేచి తలుపు వేశాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు," అన్నాడు.

తప్పు లేదన్న ఆ కాగితం వచ్చినప్పటి నుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. శ్రీధర్ చూసి చూసి అన్నాడు: "ఐస్‌లో పెట్టి సేవ్ చేసింది నువ్వే కదా శశీ? నువ్వు లేకపోతే ఏమయ్యేవాడు?"

"నేను లేకపోతే ఆ మేస్త్రీ తనే కనిపెట్టుకుని ఉండేవాడు. నేనున్నానని అందరూ నిశ్చింతగా ఉన్నారు."

శనివారం ఎఫ్రాయిన్ వాళ్లుండే ట్రైలర్‌కి ఒక్కతే డ్రైవ్ చేసుకుని వెళ్లింది. అతను లోపల నిద్రపోతున్నాడు. భార్య లూసియా ఆమెను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. మా ఆయన్ని కాపాడావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అంది. నిమ్మరసం తెచ్చి ఇచ్చింది. శశికళ ఆ గ్లాసు తాగలేక, కింద పెట్టలేక అలాగే పట్టుకుంది. తర్వాత తనకొచ్చిన స్పానిష్‌లో, తడుముకుంటూ చెప్పేసింది.

"వేడి పెరగడం ముందే చూశాను. ఆపించగలిగి కూడా ఆపించలేదు. ఇంకాస్త చూద్దామని ఆగాను."

లూసియాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"రోజూ వెళ్లేటప్పుడు నాతో అనేవాడు," అంది చివరికి. "మేడం చూస్తూ ఉంటుంది, నాకేం కాదు అని."

ఆ తర్వాత శశికళ చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

సోమవారం శశికళ ఇంకెక్కడా అనకూడదన్న ఆ మాటను రాసి విచారణ కమిటీకి పంపింది. జగన్మోహన్ చాలా రోజులు ఆమెతో పలకలేదు. ఉద్యోగం పోతుందనుకుంది గానీ పోలేదు. కమిటీ వాళ్లు గీతను కిందికి దించారు, వ్యాన్‌లో ఒకరు, పొలంలో ఒకరు ఉండాలన్నారు. పొలంలో ఉండే పని ఆమె అడిగి తీసుకుంది. ఎఫ్రాయిన్‌కి ప్యాకింగ్ షెడ్డులో పని దొరికింది. అధ్యయనం పని మీద ఆమె కిడ్నీ క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఎదురైతే తల ఊపుతాడు. పక్కనున్న లూసియా మాత్రం ముఖం తిప్పుకుంటుంది. అలా తిప్పుకోవడమే న్యాయమనిపిస్తుంది శశికళకి.

ఈ వేసవిలో ఆమె చాలామందిని మధ్యలోనే నీడకి లాక్కొచ్చింది. లెక్కలు సగంలో తెగిపోతున్నాయని జగన్మోహన్ విసుక్కుంటాడు. నాకేమైందని కూలీలు గొడవ పెట్టుకుంటారు. ఆమె వాదించదు. తడిగుడ్డ మెడమీద వేసి, నీళ్ల సీసా చేతికిచ్చి, వాళ్ల ఊపిరి నెమ్మదించేదాకా పక్కనే నిలబడుతుంది.